పుస్తకం చదివి బోన్సాయ్ నేర్చుకోవడం: శ్రీకాకుళం ఎండకీ వానకీ తగ్గట్టు

బోన్సాయ్ అంటే చెట్టుని కుండీలోనే చిన్నగా పెంచి తీర్చిదిద్దే కళ. ఆ పుస్తకాల్లో ఎక్కువ భాగం జపాన్, ఇంగ్లండ్, అమెరికాల వాళ్లు తమ ఊళ్ల వాతావరణం చూసి రాసినవి. "నవంబరులో చెట్టుని మంచు తగలని చోటికి మార్చండి" అని ఒక పేజీలో ఉంటుంది. "ఫైకస్‌ని కిటికీ దగ్గర, గదిలో పెంచండి" అని ఇంకో పేజీలో ఉంటుంది (ఫైకస్ అంటే మర్రి, రావి జాతి చెట్లు). శ్రీకాకుళంలో డాబా మీద నాలుగు కుండీలు పెట్టుకున్నవాళ్లు ఈ రెండూ అక్షరాలా పాటిస్తే చెట్టు పాలిపోయి ఆకులు రాల్చేస్తుంది. అలాగని పుస్తకం పక్కన పడేయలేం. బోన్సాయ్ క్లబ్బులు, క్లాసులు ఉండేది ఎక్కువగా పెద్ద నగరాల్లో. ఆమదాలవలసలోనో, బొబ్బిలిలోనో, టెక్కలిలోనో ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రం గంటసేపు మొక్కల దగ్గర గడిపే మనిషికి పుస్తకమే దిక్కు.

అందుకే ఈ మార్గదర్శిలో నేను పట్టుబట్టేది ఒక్క విషయం మీదే: పుస్తకంలోంచి పద్ధతిని, దాని వెనకున్న కారణాన్ని తీసుకోండి. తేదీని మాత్రం మీ చెట్టుని చూసి మీరే నిర్ణయించుకోండి.

1. ముందు పుస్తకాన్ని చదవడం నేర్చుకోవాలి

ఒక్క పుస్తకం చాలు. జిల్లా కేంద్ర గ్రంథాలయంలో తోటపని అరలు ఒకసారి వెతకండి. దొరక్కపోతే ఆన్‌లైన్లో పాత కాపీ తెప్పించుకోండి. కొనే ముందు రెండు చూడండి. ఒకటి, రచయిత ఏ దేశంలో చెట్లు పెంచారన్నది. ఆస్ట్రేలియాలోనో, ఆగ్నేయాసియాలోనో, మన దేశంలోనో పెంచినవాళ్లయితే మర్రి జాతి చెట్ల మీద ఎక్కువ పేజీలుంటాయి. రెండోది, ఒకే చెట్టుని ఏళ్ల తరబడి తీసిన ఫొటోలు ఉన్నాయా అన్నది. అందంగా తయారైన చెట్ల బొమ్మలే ఉన్న పుస్తకం చూసి ఆనందించడానికి బాగుంటుంది గానీ, నేర్చుకోవడానికి పెద్దగా అక్కరకు రాదు.

మొదటిసారి చదివేటప్పుడు ఏ మొక్కనీ ముట్టుకోకండి. ఒక నోటుబుక్ తీసుకుని పేజీని రెండు భాగాలు చేసుకోండి. ఎడమవైపు పుస్తకం చెప్పిన పని, కుడివైపు అది ఎందుకు చేయమన్నారో మీకు అర్థమైన కారణం. ఉదాహరణకి, "వసంతం మొదట్లో, మొగ్గలు ఉబ్బేటప్పుడు కుండీ మార్చాలి." ఎందుకు? వేళ్లు కత్తిరించాక చెట్టు వెంటనే కొత్త వేళ్లు వేయాలి, దానికి చెట్టు పెరిగే ఊపులో ఉండాలి. ఈ కారణం దొరికితే చాలు, మన ఊళ్లో ఆ ఊపు ఎప్పుడొస్తుందో మనమే చూసుకోవచ్చు. కారణం తెలియని పనుల పక్కన ప్రశ్న గుర్తు పెట్టి, అది తెలిసేదాకా ఆగండి.

ఫొటోల విషయంలో ఇంకో జాగ్రత్త ఉంది. మొదటి ఫొటోలో నర్సరీ మొక్క, పక్క ఫొటోలో ముచ్చటైన చెట్టు. ఈ రెంటి మధ్యా ఐదేళ్లు గడిచి ఉండొచ్చు, పదేళ్లు కూడా. ఫొటో కింద అక్షరాలు చదివి ప్రతి దశకీ ఎంత కాలం పట్టిందో మీ నోట్సులో రాసుకోండి. అది రాసుకున్నవాళ్లకి తొందర దానంతటదే తగ్గుతుంది. అమెరికా జాతీయ వృక్షోద్యానంలో యమాకి పైన్ అని ఒక చెట్టుంది. 1625 నుంచి కుండీలో పెరుగుతూ, 1945లో హిరోషిమా అణుబాంబునీ తట్టుకుని నిలిచింది. పుస్తకాల్లో అలాంటి చెట్లూ ఉంటాయి. వాటి పక్కన మన రెండేళ్ల మొక్కని పెట్టి దిగులుపడనక్కర్లేదు.

జపాన్‌లో బోన్సాయ్‌కి పేరుపడ్డ ఊరు ఒమియా. 1923 భూకంపం తర్వాత టోక్యో పెంపకందారులు కొందరు తరలివెళ్లి 1925లో అక్కడ స్థిరపడ్డారు. ఆ ప్రాంతంలో జనవరి రాత్రుల్లో నీళ్లు గడ్డకట్టే చలి ఉంటుంది. మనకి డిసెంబరు, జనవరి రాత్రుల్లో 15 డిగ్రీలకి అటూ ఇటూ. అక్కడి మేపుల్, తెల్ల పైన్ లాంటి చెట్లకి గట్టి చలిలో విశ్రాంతి కావాలి. ఇక్కడ ఆ విశ్రాంతి దొరకదు. కాబట్టి ఆ చెట్ల అధ్యాయాలని ఆకారం కోసం చదవండి, కొనడం కోసం కాదు.

2. మొదటి చెట్టు ఏది?

నా సలహా: చిన్న ఆకుల ఫైకస్ ఒకటి, చింత ఒకటి. ఒకటే కొంటే రోజూ దాన్నే కత్తిరించాలనిపిస్తుంది. రెండు మూడు ఉంటే దేనికి కావలసిన విశ్రాంతి దానికి దొరుకుతుంది.

ఫైకస్ తప్పుల్ని ఓర్చుకునే చెట్టు. గట్టిగా నరికినా చిగురిస్తుంది, వేళ్లు కోసినా తేరుకుంటుంది. చల్లని దేశాల పుస్తకాల్లో ఇది 'గదిలో పెంచే బోన్సాయ్' అధ్యాయంలో ఉంటుంది. ఆ అధ్యాయంలో కత్తిరింపు, తీగ చుట్టడం, ఆకులు తీయడం గురించి ఉన్నదంతా మనకి పనికొస్తుంది. గది, కిటికీ, హీటరు గురించి ఉన్నవి వదిలేయండి. ఇక్కడ ఫైకస్ ఆరుబయటే ఉండాలి.

చింత మన నేలకి బాగా అలవాటైన చెట్టు. ఆకు సహజంగానే చిన్నది, బెరడు త్వరగా ముసలితనం చూపిస్తుంది. పెరుగుదల నిదానం. మన ప్రాంతానికి ఇంతకంటే తగిన బోన్సాయ్ చెట్టు లేదన్నది నా అభిప్రాయం. విదేశీ పుస్తకాల్లో దీనికి అర పేజీ కూడా దొరకదు కాబట్టి, నియమాలు ఫైకస్ మీద నేర్చుకుని చింతకి నెమ్మదిగా వర్తింపజేయాలి.

కాగితం పూల మొక్క, దానిమ్మ, సీమచింత, వాక్కాయ, జేడ్ కూడా బాగా వస్తాయి. ఊరు విడిచి తరచూ వెళ్లేవాళ్లకి జేడ్ మంచిది, నాలుగు రోజులు నీళ్లు లేకపోయినా ఏమీ కాదు. తీరం పొడవునా మనకి కనిపించే సరుగుడుతో ఇండోనేషియాలో చక్కటి బోన్సాయ్‌లు చేస్తారు. అయితే అది చూడ్డానికి పైన్‌లా ఉన్నా పైన్ కాదు. పుస్తకంలోని పైన్ మొగ్గల కత్తిరింపు దానికి వర్తించదు. కుండీ మార్చేటప్పుడు పాత మట్టి కొంత ఉంచాలి కూడా. వేళ్ల బుడిపెల్లో నత్రజనిని పట్టి ఇచ్చే సూక్ష్మజీవులు ఆ మట్టిలో ఉంటాయి.

రావి, మర్రి మొలకలు పిట్టగోడల మీద, బావి గట్ల మీద కావలసినన్ని. గోడ పగుల్లో పెరిగిన మొలకకి వేళ్లు పక్కలకి పాకి, మొదలు ముడులు తిరిగి ఉంటుంది. మీ ఇంటి గోడ మీదో, తెలిసినవాళ్ల ఇంటి మీదో ఉంటే వానాకాలంలో తడిపి, చుట్టూ సున్నం గీకి, వీలైనన్ని వేళ్లతో తీయండి. పాత గుడి గోడలు, కోట గోడలు, అటవీ భూములు మాత్రం ముట్టుకోవద్దు. ఇంట్లో పెద్దవాళ్లు "రావి మొక్కేటమ్మా, ఇంట్లో ఎవరైనా పెడతారేటి" అని బాధపడితే వాదన పెట్టుకోకండి, అదే జాతి జువ్వి తెచ్చుకోండి. రావికి ఆకు పెద్దది, కాడ పొడవు. చిన్న కుండీలో నిష్పత్తి కుదరడం ఎలాగూ కష్టమే.

నర్సరీలో బోన్సాయ్ అని లేబుల్ పెట్టి అమ్మే ఉబ్బు వేళ్ల ఫైకస్‌లు చాలావరకు ఒక మొక్క వేరు మీద ఇంకో మొక్క కొమ్మలు అంటుకట్టినవి. నీళ్లు పోయడం అలవాటు కావడానికి అవి చాలు గానీ, కొమ్మల అమరిక నేర్చుకోవడానికి పనికిరావు. మామూలు మొక్కల వరసలోకి వెళ్లి, మట్టిని వేలితో కొంచెం తీసి, కాండం మొదలు చూడండి. వేళ్లు చుట్టూ సమానంగా విచ్చుకున్నాయా? కింద లావుగా ఉండి పైకి వెళ్లేకొద్దీ సన్నబడుతోందా? ఈ రెండూ ఉంటే కొమ్మలు ఎంత వంకరగా ఉన్నా కొనేయండి. కొమ్మలు మళ్లీ పెంచుకోవచ్చు.

3. మట్టి

పుస్తకాల్లో అకడామా అనే జపాన్ మట్టి ప్రతి పేజీలో ఎదురవుతుంది. మన దగ్గర అది ఖరీదు, అవసరం కూడా లేదు. దాని గుణం రెండే: నీటిని కొంత పట్టి ఉంచుతుంది, గింజల మధ్య గాలి ఆడనిస్తుంది. ఇటుక ముక్కలు ఈ రెండూ చేస్తాయి.

బాగా కాలిన ఇటుకల్ని సుత్తితో నలగ్గొట్టి, ఇసుక జల్లెడలో పోసి పెద్దవి తీసేయండి. తర్వాత పిండి జల్లెడలో పోసి దుమ్ము మొత్తం వదిలించండి. పెసర గింజకీ శనగ గింజకీ మధ్య సైజు మిగలాలి. ఆ దుమ్ము ఒక్క పిడికెడు మిగిలినా అడుగున బురదై నీటి దారి మూసేస్తుంది. రెండు పాళ్లు ఇటుక, ఒక పాలు నాగావళిలోనో వంశధారలోనో దొరికే ముతక ఇసుక, ఒక పాలు బాగా చివికిన పశువుల ఎరువు గానీ వర్మీ కంపోస్టు గానీ కలపండి. చింతకీ కాగితం పూలకీ ఎరువు పాలు సగం చేయండి. సముద్రపు ఇసుక వద్దు, దాని ఉప్పు వేళ్లని కాలుస్తుంది.

నర్సరీల్లోకి మొక్కలు ఎక్కువగా కడియం వైపు నుంచి లారీల్లో వస్తాయి. వాటి వేళ్ల చుట్టూ తరచూ గట్టి బంకమట్టి ముద్ద ఉంటుంది. పైన పోసిన నీరు పక్కల నుంచి జారిపోతుంది, లోపల పొడిగానే ఉంటుంది. వానలు మొదలయ్యేదాకా ఆ ముద్దలో వెదురు పుల్లతో అక్కడక్కడా చిల్లులు పొడిచి, నెమ్మదిగా రెండు దఫాలుగా నీళ్లు పోయండి.

4. ముందు కాండం, తర్వాతే మిగతావి

ఎక్కువమంది ఇక్కడే తొందరపడతారు. చిన్న కుండీలో పెడితే చెట్టు ముద్దుగా కనిపిస్తుంది కాబట్టి మొదటి వారంలోనే పెట్టేస్తారు. అక్కడితో కాండం లావెక్కడం దాదాపు ఆగిపోతుంది. పుస్తకాలు ఈ పనిని రెండు దశలుగా విడదీస్తాయి: చెట్టుని తయారుచేయడం, తయారైన చెట్టుని తీర్చిదిద్దడం. మీరు చదివే ప్రతి సూచనా ఏ దశకి చెందిందో నోట్సులో గుర్తు పెట్టుకోండి. తీర్చిదిద్దే దశలోని చిగురు గిల్లుడుని తయారుచేసే దశలో మొదలుపెడితే ఏళ్లు గడిచినా పుల్లలాంటి కాండమే మిగులుతుంది.

లెక్క సులువు. చెట్టు ఎత్తు 30 సెంటీమీటర్లు కావాలంటే మొదలు దగ్గర లావు 5 సెంటీమీటర్లు ఉంటే బాగుంటుంది, అంటే ఆరింట ఒక వంతు. అందుకోసం మొక్కని పెరట్లో నేలలోనో, వెడల్పాటి టబ్బులోనో పెట్టి స్వేచ్ఛగా ఎదగనివ్వండి. కోరుకున్న లావు వచ్చాక, ఆఖరి ఎత్తులో మూడో వంతు దగ్గర, పై లెక్కలో 10 సెంటీమీటర్ల దగ్గర, కాండం కోసేయండి. వచ్చిన కొత్త చిగుళ్లలో ఒకదాన్ని ఎంచి పైకి వదలండి. అది తగినంత లావయ్యాక దాన్నీ కాస్త పైన కోయండి. ఇలా రెండు మూడు సార్లు చేస్తే కాండం కింద లావుగా, పైకి సన్నగా, మెలికతో వస్తుంది. కోత మానడానికి కొబ్బరి, జీడి రైతులు వాడే బోర్డో పేస్టు పూయండి. ఫైకస్‌లో పాలు కారితే చల్లటి నీళ్లు చల్లండి, ఆగిపోతాయి.

వేళ్ల అమరిక బాగాలేని మంచి కాండం దొరికితే పుస్తకంలో గాలి అంటు అధ్యాయం తీయండి. మన రైతులు గూటీ అనేది ఇదే. కాండం లావుకి ఒకటిన్నర రెట్ల వెడల్పున బెరడుని ఉంగరంలా పూర్తిగా తీసి, తడిపి పిండిన కొబ్బరి పొట్టుని చుట్టూ పెట్టి, పాలిథిన్ కవరుతో గట్టిగా కట్టాలి. ఉద్దానం వైపు కొబ్బరి పొట్టుకి కొదవ లేదు, పుస్తకాలు చెప్పే నాచు కోసం వెతకనక్కర్లేదు. పొట్టుని రెండు మూడు సార్లు మంచినీళ్లలో కడిగి వాడండి. జులైలో కడితే ఫైకస్ నెలా నెలన్నరలో కవరు లోపల వేళ్లు చూపిస్తుంది. అవి గోధుమ రంగుకి తిరిగాక కింద కోసి నాటండి. కొత్త వేళ్లు చుట్టూ వస్తాయి కాబట్టి, పుస్తకాలు నెబారి అని పిలిచే ఆ వేళ్ల విస్తరణ మీరు కోరుకున్నట్టు వస్తుంది.

5. కొమ్మలు, తీగ

పుస్తకంలో చెట్టు రూపాల పట్టిక ఉంటుంది: నిటారు, మెలిక నిటారు, వాలు, జలపాతం, అడవి, రాతి మీద వేళ్లు. మొదటి చెట్టుకి మెలిక నిటారు ఎంచుకోండి. కుండీని తిప్పి తిప్పి చూసి, వేళ్లు విశాలంగా, కాండం మెలిక స్పష్టంగా కనిపించే వైపుని ముందువైపుగా నిర్ణయించండి. మొదటి కొమ్మ ఎత్తులో మూడో వంతు దగ్గర ఒక పక్కకి, రెండోది కాస్త పైన రెండో పక్కకి, మూడోది వెనక్కి. వంపు లోపలి నుంచి వచ్చే కొమ్మలు, ఒకే ఎత్తులో ఎదురెదురుగా ఉన్నవి, తిన్నగా మీ కళ్లలోకి చూసేవి తీసేయండి. కోసే ముందు ఆ కొమ్మ మీద గుడ్డ కప్పి చూడడం మంచి అలవాటు. ఈ నియమాలన్నీ నేర్చుకున్నాక, మన ఊరి చెరువు గట్టు మీద మర్రి దగ్గరికెళ్లి అరగంట చూడండి. ఊడలు, అడ్డంగా సాగిన కొమ్మలు, వెడల్పాటి గొడుగు. పుస్తకంలోని పైన్ ఆకారం ఫైకస్‌కి ఎక్కడ నప్పదో అక్కడ అర్థమవుతుంది.

తీగ అల్యూమినియందే వాడండి. ఎలక్ట్రికల్ షాపుల్లో ఒకటిన్నర, రెండు, మూడు మిల్లీమీటర్ల లావులో అడగండి. సెంట్రింగ్ పనుల బైండింగ్ వైరు తుప్పుపడుతుంది, బిరుసుగా ఉండి బెరడు చీలుస్తుంది. తీగ లావు కొమ్మ లావులో మూడో వంతు ఉండాలి, 45 డిగ్రీల ఏటవాలుగా చుట్టాలి, ఒకే తీగతో రెండు కొమ్మలకి ఆధారం ఇవ్వాలి. ఇవన్నీ పుస్తకం చెప్పినట్టే. ఎన్నాళ్లు ఉంచాలన్నది మాత్రం పుస్తకం చెప్పినట్టు చేయకండి. చల్లని దేశంలో ఏడాది ఉంచే తీగ మన వానాకాలంలో ఫైకస్‌కి నెలా రెండు నెలల్లోనే బెరడులోకి దిగుతుంది. వారానికోసారి చూడండి. బిగుస్తుంటే విప్పకుండా ముక్కలుగా కత్తిరించి తీయండి. కొమ్మ వెనక్కి వస్తే మళ్లీ చుట్టవచ్చు.

6. కుండీ మార్చడం

ఫైకస్‌కి నాకు నచ్చే కాలం నైరుతి వానలు నిలదొక్కుకున్నాక, జూన్ చివరి నుంచి జులై. గాలిలో తేమ ఉంటుంది, ఎండ తగ్గుతుంది, చెట్టు ఊపులో ఉంటుంది. చింతకీ కాగితం పూలకీ ఫిబ్రవరి చివర్లో, కొత్త చిగురు కనిపించే ముందు. రావి ఆకు రాల్చి ఎర్రటి చిగురు తొడుగుతుంటే అది కూడా ఒక సూచనే.

చెట్టు తీసి, వెదురు పుల్లతో వేళ్లని బయటివైపు దువ్వండి. నిలువుగా కిందికి దిగే లావు వేరుని కోయండి, చుట్టూ పరచుకునేవి ఉంచండి. మొత్తం మీద మూడో వంతుకి మించి తీయకండి. కాగితం పూల వేళ్లు పెళుసు, దువ్వడం వద్దు, చుట్టూ కొంచెం కోసి వదిలేయండి. కుండీ చిల్లుల మీద దోమల మెష్ ముక్క పెట్టండి. చెట్టుని తీగతో కుండీకి బిగించి కట్టండి, ఈ పని మానేస్తే గాలికి కదిలి కొత్త వేళ్లు తెగిపోతాయి. మట్టి పోసి పుల్లతో పొడుస్తూ ఖాళీలు నింపండి. అడుగున నీరు తేటగా వచ్చేదాకా నీళ్లు పోసి, రెండు మూడు వారాలు నీడలో ఉంచండి.

ఆ రోజు కత్తిరింపూ, తీగా పెట్టుకోవద్దు. పుస్తకంలో నిపుణులు ఒకే విడతలో మూడూ చేసి చూపిస్తారు. వాళ్ల చెట్టు ఏళ్ల తరబడి బలపడింది. మన చెట్టుకి ఒక్కో పెద్ద పనికీ మధ్య రెండు మూడు నెలలైనా వ్యవధి ఇవ్వాలి.

7. మన ఏడాది

పుస్తకంలోని నెలల పట్టికని కొట్టేసి మీది రాసుకోండి. ఏప్రిల్, మే నెలల్లో సగం నీడనిచ్చే గ్రీన్ నెట్ కింద ఉంచి, ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి నీళ్లు. డాబా గచ్చు మీద నేరుగా పెట్టకండి, కాలిన గచ్చు వేడి కుండీ అడుగు నుంచి వేళ్లకి తగులుతుంది. రెండు ఇటుకల మీద పెడితే చాలు. జులై నుంచి సెప్టెంబరు దాకా పెరుగుదల, కత్తిరింపు, గూటీ. ముసురు పట్టి రోజుల తరబడి వాన కురుస్తుంటే కుండీని ఒకవైపు చిన్న చెక్కతో ఎత్తి ఏటవాలుగా ఉంచండి, నీరు త్వరగా దిగిపోతుంది.

అక్టోబరు, నవంబరు మన పరీక్షా కాలం. హుద్‌హుద్ తుఫాను 2014 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న వచ్చాయి. పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటల్ని నేలమట్టం చేసింది. ఏ విదేశీ పుస్తకంలోనూ తుఫాను అధ్యాయం నాకు కనపడలేదు గానీ, వాటిలో చలికాలపు రక్షణ అధ్యాయం ఉంటుంది కదా, దాన్ని ఇప్పుడు తీయండి. కుండీల్ని బల్ల మీంచి నేల మీదికి దించడం, గోడ వారగా గాలి మళ్లే చోట దగ్గరదగ్గరగా చేర్చడం, చెట్టుని కుండీకి కట్టి ఉంచడం అన్నీ అందులో ఉంటాయి. హెచ్చరిక రాగానే చేయాల్సింది అదే. పిట్టగోడ మీద ఒక్క కుండీ కూడా ఉంచకండి, అది కింద ఎవరి మీదైనా పడొచ్చు. తీరానికి దగ్గరి ఊళ్లలో గాలి తగ్గాక ఆకుల్ని మంచినీళ్లతో కడగండి, సముద్రపు ఉప్పు పేరుకుంటే ఆకు అంచులు మాడిపోతాయి. బోరు నీరు ఉప్పగా ఉండే ఊళ్లలో కుండీ అంచున తెల్లటి పొర కడుతుంది. వాన నీళ్లు పట్టి ఉంచుకుని అప్పుడప్పుడూ ధారాళంగా పోస్తే ఆ ఉప్పు కొట్టుకుపోతుంది.

డిసెంబరు, జనవరి నెలల్లో పని తక్కువ, నీళ్లు తగ్గించండి. పుస్తకం రెండోసారి చదవడానికి మంచి రోజులు.

ఎరువు గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. జపాన్‌లో ఆవజాతి నూనెగింజల చెక్క వాడతారు, మనకి వేరుశనగ చెక్క, వేప చెక్క ఉన్నాయి. రెండూ కలిపి నానబెట్టి, తేరిన నీటిని బాగా పలచన చేసి, పెరిగే నెలల్లో రెండు వారాలకోసారి పోయండి. కుండీ మార్చిన తర్వాత నెల రోజులు ఏమీ వద్దు. పిండినల్లికి లీటరు నీటిలో 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బు కలిపి సాయంత్రం పూట చల్లండి. ఫైకస్ ఆకు మడుచుకుపోతే లోపల తామర పురుగు ఉన్నట్టే, ఆ ఆకుల్ని తుంచి పారేయండి.

8. బోన్సాయ్ కుండీలోకి ఎప్పుడు?

కాండం లావు కుదిరి, పెద్ద కోతలు మానిపోయి, మొదటి మూడు కొమ్మలు స్థిరపడ్డాక. ఫైకస్‌కి మూడు నాలుగేళ్లు, చింతకి అంతకంటే ఎక్కువ పట్టొచ్చు. కుండీ పొడవు చెట్టు ఎత్తులో మూడింట రెండు వంతులు, లోతు కాండం మొదలు లావంత అని పుస్తకాలు అంటాయి. పొడవు సరే. లోతు మాత్రం మన మే నెలకి సరిపోదు, అంత పల్చటి మట్టి మధ్యాహ్నానికే ఎండిపోతుంది. కొలతకి ఒకటిన్నర రెట్లు తీసుకోండి. గ్లేజు వేసిన పింగాణీ దొరక్కపోతే కుమ్మరి దగ్గరికి కాగితం మీద బొమ్మ గీసి పట్టుకెళ్లండి. కాల్చక ముందే అడుగున వేలు పట్టేంత చిల్లులు మూడు, తీగ దూరడానికి సన్నటి చిల్లులు రెండు పెట్టమని, కింద నాలుగు చిన్న కాళ్లు పెట్టమని చెప్పండి. ఆరేటప్పుడూ కాల్చేటప్పుడూ పల్లెం లాంటి పాత్రలు వంకరపోతాయి కాబట్టి ఒకటికి రెండు చేయించుకోండి.